కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి

తెలుగులో ‘కారు’ అనే మాటకు వున్నన్ని అర్థాలు చాలా కొద్ది మాటలకే వుంటాయి. కారు అంటే నలుపు; అందుకే కారుచీకటి, కారుమబ్బు అంటాం. కారు అంటే రుతువు. వానకారు, ఎండకారు అంటాం. అడవిని దహించేది కారుచిచ్చు. క్రియగా వాడితే కారడమంటే బొట్టుబొట్టుగా జారిపోవడం. ఇంగ్లీషు నుంచి వచ్చి మన వాకిట్లో నిలబడ్డ నాలుగు చక్రాల కారుకూ, ఈ తెలుగు కారులకూ చుట్టరికమేమీ లేదు. అయినా ఆ చివరి అర్థం మాత్రం దానికి అతికినట్టు సరిపోయింది. పెట్రోలు ట్యాంకుకు చిల్లి పడనక్కరలేదు; ఇంటిల్లిపాది సంపాదన దాని గుండా బొట్టుబొట్టుగా కారిపోతూనే వుంటుంది.

ఆ కారడాన్ని బొత్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు. తగ్గించుకోవడం మాత్రం మన చేతిలో వుంది. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న లెక్క. రోడ్డు మీదికి వచ్చేసరికి 8 లక్షలయ్యే కారు అనుకోండి. 2 లక్షలు రొక్కం, 6 లక్షలు 9 శాతం వడ్డీకి 5 ఏళ్ల అప్పు. ఎనిమిదేళ్లు వాడి రెండున్నర లక్షలకు అమ్మారనుకుందాం. తరుగు ఏడాదికి 68,750 రూపాయలు. వడ్డీని ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి 18,400. ఇన్సూరెన్సు సగటున 20,000, టైర్లు, సర్వీసు, చిల్లర మరమ్మతులు కలిపి 12,000 వేసుకుందాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే, లీటరు 110 రూపాయల చొప్పున పెట్రోలుకు 73,300. అన్నీ కలిపితే 1,92,000 దాటింది. అంటే కిలోమీటరుకు 19 రూపాయలు!

మనలో చాలామంది పెట్రోలు ఖర్చునే కారు ఖర్చు అనుకుంటారు. చూశారా, అది మొత్తంలో సగం కూడా కాదు. ఇంకో తమాషా వుంది. ఇదే కారును ఏడాదికి 4,000 కిలోమీటర్లే తిప్పి, మరమ్మతుల పద్దు 8,000కు తగ్గిందనుకున్నా, కిలోమీటరు ఖర్చు 36 రూపాయలకు ఎక్కుతుంది. తరుగు, వడ్డీ, ఇన్సూరెన్సు అనే మూడు పద్దులకూ మీరు బండి తీశారా లేదా అన్నది అక్కరలేదు. మీరు హాయిగా నిద్రపోతున్నప్పుడు కూడా వాకిట్లో నిలబడ్డ కారు రోజుకు 290 రూపాయలకు పైగా తింటూనే వుంటుంది. ఆదివారం గుడికీ, నెలకో పెళ్లికీ మాత్రమే కారు కావలసినవారు టాక్సీ పిలుచుకుంటే పరువేమీ పోదు, పైకం మిగులుతుంది.

లెక్క చూసుకున్న తరువాత కూడా కొనాలనే నిశ్చయించారా? మంచిది. కొట్టులో జాగ్రత్తలు మొదలుపెడదాం.

కొట్టువాడు చేతికిచ్చే కొటేషను కాగితాన్ని మన ఇళ్లలో కిరాణా చీటీ చదివినట్టు ఒక్కొక్క పద్దూ చదవాలి. కారు ధర, లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను రుసుము, ఇన్సూరెన్సు తప్పనివి. వాటి పక్కనే ‘హ్యాండ్లింగు’ అనో, ‘ఎసెన్షియల్ కిట్’ అనో కొన్ని చుట్టాలు వచ్చి కూర్చుంటాయి. అవి సర్కారుకు కట్టేవి కావు. అవేమిటో అడగండి, తీసివెయ్యమనండి. ఇన్సూరెన్సు వారి దగ్గరే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. బయట రెండు మూడు కంపెనీల ధరలు కనుక్కుని వెళితే కొట్టువాడే దిగివస్తాడు. కారు ధర 10 లక్షలు దాటితే 1 శాతం ఆదాయపు పన్ను కింద వసూలు చేస్తారు. అది పోయిన సొమ్ము కాదు. రిటర్ను వేసినప్పుడు మన పన్నులో జమ వేసుకోవచ్చు. ఈ సంగతి మరిచిపోయేవారు చాలామంది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద జిఎస్‌టి 18 శాతం అయింది. చిన్నకారు అంటే పొడవు నాలుగు మీటర్లకు మించకూడదు. ఇంజను పెట్రోలయితే 1200 సిసి, డీజిలయితే 1500 సిసి దాటకూడదు. విద్యుత్తు కార్లను పక్కన పెడితే, అంతకు మించిన కార్ల మీద 40 శాతం. నలుగురున్న సంసారం ఈ గీత దాటేముందు, ఆ అదనపు జానెడు డిక్కీలో ఏం పెట్టదలచుకున్నామో ఒకసారి ఆలోచించుకోవాలి.

డిసెంబరులో తగ్గింపు ధర ఇస్తారు గదా, తీసుకోవచ్చా అని అడుగుతారు. ఎనిమిదీ పదేళ్లు వుంచుకునేవారు నిక్షేపంగా తీసుకోవచ్చు. మూడేళ్లకే మార్చేవారికి మాత్రం, అమ్మేనాడు ఆ పాత సంవత్సరం మోడలు అన్న మాట తగ్గింపునంతా తిరిగి లాక్కుంటుంది.

ఇక అప్పు సంగతి. మొన్న మా బావమరిది ముఖం చేటంత చేసుకుని వచ్చాడు.

“బావగారూ, నెలకు 12,455 అన్న కిస్తీని 9,653కు దింపించాను!”

“ఎలా దింపించావయ్యా?”

“అయిదేళ్లను ఏడేళ్లు చేయించాను.”

మా ఆవిడ లోపల్నుంచి, “అయితే దించలేదురా తమ్ముడూ, పొడిగించావు,” అంది. ఆమె అన్నదే సరి. 6 లక్షలకు 9 శాతం చొప్పున అయిదేళ్లకు వడ్డీ 1,47,300 రూపాయలు, ఏడేళ్లకు 2,10,900. నెలకు 2,800 తగ్గిందన్న సంబరానికి వెల 63,600. ఓపిక వుండి మూడేళ్లకే తీర్చేస్తే వడ్డీ 86,900తో సరి. కిస్తీ ఎంతని కాకుండా, మొత్తం మీద ఎంత కట్టాలని అడగడం నేర్చుకోవాలి. ఫ్లాట్ వడ్డీ అన్న మాట వినపడితే మరీ జాగ్రత్త. తీరుతున్న అసలుకు కూడా చివరిదాకా వడ్డీ వేసే పద్ధతి అది. అయిదేళ్ల అప్పుకు 9 శాతం ఫ్లాట్ అంటే మామూలు లెక్కలో దాదాపు 16 శాతం.

తరుగు భారం మొదటి మూడేళ్లలోనే ఎక్కువ కాబట్టి, ఆ భారం ఇంకొకరు మోసిన తరువాత కొనడం తెలివైన పని. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని పెద్దలన్నారు. అవతలివాడి అడవి మనకు కొరివి కాకుండా చూసుకోవాలంతే.

సెకండ్ హ్యాండ్ కారు చూడడానికి పగటిపూట వెళ్లండి. మీటరులో కిలోమీటర్లు వెనక్కు తిప్పవచ్చు. బ్రేకు పెడలు మీది రబ్బరు అరుగుదలను తిప్పడం కష్టం. 30,000 తిరిగిందన్న బండికి పెడలు నున్నగా, స్టీరింగు జిడ్డుగా మెరుస్తుంటే ఆ మాట నమ్మకండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర వుంటుంది. 2319 అని వుంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. బండి ఏటికీ టైరు ఏటికీ పొత్తు కుదరకపోతే కారణం అడగండి. ఇంజను చల్లగా వుండగా మీరే స్టార్టు చెయ్యండి. ముందుగానే వేడిచేసి వుంచిన ఇంజను సగం రోగాలు దాచిపెడుతుంది. నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లి, ఆయనకు కొంత ముట్టజెప్పినా నష్టం లేదు.

వరదలో మునిగిన కారు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపూ ఎన్నో కార్లు నీట మునిగాయి. ఇలాంటి వరదల తరువాత అటువంటి బండ్లు కడిగి, అత్తరు కొట్టి, దూరపు ఊళ్లలో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి. లోపలి భాగంలో బురద చార కనపడితే అక్కడే దండం పెట్టి వచ్చెయ్యండి. సీటు కింది పట్టాలకు తుప్పు, కార్పెట్టు కింద ముక్కవాసన కూడా సాక్ష్యాలే. పైకి ఎంత బాగున్నా వైరింగు లోపల్లోపలే కుళ్లుతూ వుంటుంది.

ఢిల్లీ కారు చవక అంటారు, నిజమే. పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు అక్కడ తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునలు ఇచ్చిన ఉత్తర్వును 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అప్పటినుంచీ పాతబండ్లు దక్షిణాదికి దిగుమతయ్యాయి. ఆ చవకకు, అక్కడి ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసి, ఇక్కడ మళ్లీ కట్టవలసిన లైఫ్ టాక్సు, కొత్త నంబరు ఖర్చు కలుపుకుని అప్పుడు చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాను. మా ఎరుకలో రిటైరైన ఒక పెద్దమనిషి తన పాత కారును ఒక బ్రోకరుకు అమ్మారు. పైకం పుచ్చుకున్నారు, ఫారాల మీద సంతకాలు పెట్టారు, తాళాలిచ్చి కాఫీ పోసి పంపారు. రెండేళ్ల తరువాత కోర్టు నుంచి నోటీసు వచ్చింది. ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడు ఆ కారుతో ఒక మనిషిని గుద్దాడు. ఇన్సూరెన్సు ఎప్పుడో చచ్చిపోయింది. నష్టపరిహారం ఇవ్వవలసిందని ఆయన పేరు మీద దావా. బండి ఇంకా ఆయన పేరునే వుంది మరి. “అమ్మేశాను నాయనా, అమ్మేశాను,” అని ఆయన వాయిదాకూ వాయిదాకూ చెప్పుకుంటూ తిరిగారు. పెన్షను మీద బతికే ఇంట్లో అది ఎంత నరకమో వేరే చెప్పాలా?

ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి అమ్మినవారు 29వ నంబరు ఫారంతో 14 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజేయాలి. కొన్నవారు 30వ నంబరు ఫారంతో పేరు మార్పించుకోవాలి. పేరు మారిందో లేదో ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి అమ్మినవారే చూసుకోవాలి. కొనేవారు కూడా బేరానికి ముందే అక్కడ చూస్తే యజమాని ఎవరు, ఇన్సూరెన్సు వుందా, బ్యాంకు తాకట్టు వుందా అన్నది తెలుస్తుంది. అప్పు తీరిపోయినా, బ్యాంకు కాగితంతో 35వ ఫారం దాఖలు చేసి తాకట్టు రద్దు చేయించకపోతే అది రికార్డులో అలాగే వుండిపోతుంది. అమ్మేనాడు తడుముకోవాలి.

ఇన్సూరెన్సులో రెండే మాటలు. క్లెయిము చెయ్యని ఏళ్లకు బోనసు 20, 25, 35, 45 శాతాలుగా పెరిగి 50 దాకా వస్తుంది. అది కారుది కాదు, మీది. పాత బండి అమ్మి కొత్తది కొన్నా వెంట తెచ్చుకోవచ్చు. బంపరు మీద గీత పడిందని 3,000 రూపాయలకు క్లెయిము పెట్టి, 6,000 బోనసు పోగొట్టుకునేవారు వున్నారు. గడువు దాటి 90 రోజుల లోపల రెన్యూ చెయ్యకపోయినా బోనసు హుళక్కే. రెండో మాట: నీళ్లు చేరిన కారును ఎట్టి పరిస్థితిలోనూ స్టార్టు చెయ్యకండి. ఇంజనులోకి నీరు లాక్కుని పాడైతే మామూలు పాలసీ ఆ నష్టం ఇవ్వదు. నెట్టించుకుని గ్యారేజీకి చేర్చండి.

రోజువారీ పొదుపుకు పెద్ద విద్యలు అక్కరలేదు. పదిహేను రోజులకోసారి, బండి చల్లగా వుండగా టైర్లలో గాలి చూపించండి. ఎంత వుండాలో డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద వుంటుంది. గాలి తగ్గిన టైరు పెట్రోలూ తాగుతుంది, తానూ అరుగుతుంది. పరుగెత్తించి బ్రేకు వెయ్యడం కన్న, ముందు చూపుతో నిదానంగా నడపడం లాభం. సర్వీసుకు ఇచ్చేముందు కంపెనీ పుస్తకంలో ఆ కిలోమీటర్లకు ఏమేం చెయ్యాలో చదివి, అవి మాత్రమే చెయ్యమని కాగితం మీద రాసివ్వండి. ఇంజను ఆయిలు మాత్రం గడువు దాటించకండి. అక్కడ మిగిల్చిన రూపాయి ఇంజను మరమ్మతులో పదింతలై తిరిగివస్తుంది.

ఇంత చదివి, “అయితే కారు కొనవద్దంటారా?” అని ఎవరైనా అడగవచ్చు. మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కలేని తల్లి వున్న ఇంటికి, అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తవలసిన బిడ్డ వున్న ఇంటికి, కిలోమీటరు 19 రూపాయలా 36 రూపాయలా అన్న ప్రశ్నే రాదు. కొనండి, చల్లగా తిరగండి. ఎదురింటివారు కొన్నారని మాత్రం కొనకండి. వారి కిస్తీ ఎంతో, ఏడేళ్లలో ఇంకా ఎన్నేళ్లు మిగిలిందో మీకు తెలియదు గదా!