అమ్మది సాయం కాదు, పని

నోలియా అనగానే పూరీలో అందరికీ సముద్రంలోకి దూకే మగవాడే గుర్తొస్తాడు. ఆడవాళ్లు "సాయం చేస్తారు" అంటారు. ఏం సాయం?

తెల్లారగట్ల మన పెంటకోట ఒడ్డుకి వచ్చి చూడండి. పడవ చేరాకే వాళ్ల పని మొదలు. వేలంలో చేపలు పాడుకోవాలి, డబ్బు లేకపోతే వడ్డీకి తేవాలి, ఐసు కొనాలి, గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరగాలి. మిగిలినవి కోసి, ఉప్పు పట్టించి ఎండెయ్యాలి. వాన పడితే సరుకు పోతుంది, వడ్డీ పోదు.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. పడవ ఆగితే లెక్క రాసుకుంటారు. గంప ఆగితే?

బడి ఫారాల్లో తల్లి వృత్తి దగ్గర "గృహిణి" అని ఉంటోంది. నాన్నలూ, మాస్టార్లూ, ఈ ఏడాది అక్కడ "చేపల వ్యాపారం" అని రాయండి.