సేద్యం – సంసారం: మొదటి ట్రైలరు కొనేముందు

సాత్తూరు చుట్టుపక్కల మనవారి ఇళ్లలో ట్రాక్టరు కొనాలంటే పది రోజుల ఆలోచన జరుగుతుంది. బావగారిని అడుగుతాము, మేనమామను అడుగుతాము, కోవిల్పట్టిలో ఒకచోటా విరుదునగరులో ఒకచోటా ధర విచారిస్తాము. అదే ట్రాక్టరు వెనుక కట్టే ట్రైలరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, “పెద్దదే తీసుకోండి, ఎప్పటికైనా పనికివస్తుంది” అన్న ఒక్క మాటతో బేరం తెగిపోతుంది. ఆంధ్రలోని బంధువులు దీనినే తొట్టి అనీ, ట్రక్కు అనీ అంటారు. పేరు ఏదైనా, దానిని ఎంచుకోవడంలో కొంత లెక్క ఉన్నది. ఈ మాసం ఆ లెక్క చెప్పుకుందాము. అప్పు కాగితంమీద సంతకం ఇంటిల్లిపాదిదీ గనుక, ఇంటి ఆడవారు కూడా దీనిని చదవాలని మా మనవి.

మన పెద్దలకు ఈ లెక్క తెలియనిది కాదు. ఎద్దుల జతను చూచి బండి కట్టించేవారు గాని, బండిని చూచి ఎద్దులను వెదికేవారు కారు. బరువు ముందుకు ఎక్కువైతే కాడి మెడమీద నొక్కుతుంది. వెనక్కు ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడతాళ్లు ఎద్దు గొంతును బిగిస్తవి. అందుకని బస్తాలు అటూ ఇటూ జరిపి, కాడిని చేత్తో ఎత్తి చూచిన తరువాతనే ఎద్దులను కట్టేవారు. బరువు మించితే ఎద్దు మొరాయించేది. అదే యజమానికి హెచ్చరిక. ట్రాక్టరు మొరాయించదు. ఎంత వేసినా పొగ వదిలి లాగుతుంది. కాబట్టి ఆ హెచ్చరిక ఇప్పుడు మనమే చేసుకోవాలి.

లాగే శక్తి వేరు, ఆపే శక్తి వేరు

35, 40 హెచ్.పి. ట్రాక్టరు బరువు ఇంచుమించు 1,700 నుండి 2,000 కిలోలు ఉంటుంది. చదునైన తారురోడ్డుమీద అది తన బరువుకు రెండు మూడు రెట్లు తేలికగా లాగుకొని పోతుంది. అమ్మేవారు ఇది మనకు చూపిస్తారు. కాని నిండు బరువుతో ఆపి చూపించేవారు అరుదు.

సాధారణంగా ట్రాక్టరుకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటవి. ట్రైలరుకు సొంత బ్రేకు లేకపోతే, ఆ రెండు చక్రాల బ్రేకులే ట్రాక్టరునూ, వెనుక తోసుకువచ్చే ఐదారు టన్నులనూ ఆపాలి. ఇంకొక సంగతి: వేగం రెండింతలైతే బ్రేకు మింగవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. పొలం బాటమీద 15 కిలోమీటర్ల వేగంలో బాగా ఆగిన బండి, హైవేమీద 30 కిలోమీటర్ల వేగంలో అట్లాగే ఆగుతుందని అనుకోకూడదు. మలుపులో గాని, పల్లంలో గాని గట్టిగా బ్రేకు తొక్కితే ట్రైలరు ఆగక, ట్రాక్టరు వెనుక భాగాన్ని పక్కకు నెట్టుతుంది. రెండూ కత్తెరలాగా ముడుచుకొని పోతవి.

కనుక మొదటి ప్రశ్న “ఎంత లాగుతుంది?” అని కాదు, “ఎంతవరకు ఆపగలదు?” అని. ఎంత బరువుగల ట్రైలరు కట్టవచ్చునో ట్రాక్టరుతో వచ్చే పుస్తకంలో చూడండి. అందులో లేకపోతే డీలరు చేత కాగితంమీద వ్రాయించుకోండి. ఆ అంకెలో ట్రైలరు సొంత బరువు కూడా చేరుతుందని మరువవద్దు. చిన్న ట్రైలరుకే ఖాళీ బరువు టన్నుకు అటూ ఇటూ ఉంటుంది. వీలుంటే ట్రైలరు చక్రాలకు కూడా బ్రేకు ఉండి, ట్రాక్టరు మీదినుంచి పనిచేసే ఏర్పాటు అడగండి. దానికయ్యే ఖర్చు దండుగ కాదు.

పొలంలో మళ్లడానికి వీలుగా ట్రాక్టరుకు కుడి ఎడమ బ్రేకు పెడళ్లు విడివిడిగా ఉంటవి. రోడ్డు ఎక్కేముందు రెండింటినీ కలిపి కొక్కెం వేయాలి. వేయకుండా ఒకటే తొక్కితే బండి గిర్రున తిరుగుతుంది. పల్లంలో డీజిలు ఆదా అవుతుందని న్యూట్రలులో వదిలేవారు కొందరున్నారు. ఎక్కిన గేరులోనే దిగడం మంచిది.

తొట్టి ఒకటే, బరువులు వేరు

పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుగల తొట్టిని తీసుకుందాము. అది 120 ఘనపుటడుగులు. మొక్కజొన్న గింజలు ఘనపుటడుగుకు సుమారు 20 కిలోలు తూగుతవి; తొట్టి నిండా పోస్తే 2,400 కిలోలు. విడిపత్తి అంచుదాకా నింపినా టన్ను కూడా కాదు. అదే తొట్టిలో ఎండు ఇసుక నింపితే, ఘనపుటడుగుకు 45 కిలోల చొప్పున 5,400 కిలోలు! తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. కంటికి మూడూ “ఒక లోడు”గానే కనిపిస్తవి.

మన కరిసల్ భూములలో పండేది పత్తి, మొక్కజొన్న, మినుము, పెసర, మిరప. వీటికి చాలే ట్రైలరు వేరు. ఇసుక, కంకర తోలడానికి కావలసిన ట్రైలరు వేరు. “ఎప్పటికైనా బాడుగకు పనికివస్తుంది” అని పెద్దది కొంటే, ఆ “ఎప్పటికైనా” అనేది వచ్చిన రోజున చిన్న ట్రాక్టరు వెనుక ఏడు టన్నులు నిలుస్తవి. ఎండాకాలంలో నీళ్లు తోలే టాంకీ సంగతి కూడా ఇంతే. 4,000 లీటర్లంటే 4,000 కిలోలు. అందులోనూ సగం నిండిన టాంకీ మరీ ప్రమాదం. మలుపులో నీళ్లన్నీ ఒకవైపుకు కొట్టుకొని బండిని లాగుతవి.

రెండు చక్రాలా, నాలుగు చక్రాలా?

రెండు చక్రాల ట్రైలరు తన బరువులో కొంత భాగాన్ని ట్రాక్టరు కొక్కెంమీద మోపుతుంది. దీనివల్ల వెనుక టైర్లకు పట్టు దొరుకుతుంది. ఐప్పసి, కార్తిక వానలకు మన నల్లరేగడి జిగటగా మారినప్పుడు ఈ పట్టే బండిని గట్టెక్కిస్తుంది. వెనక్కు నడపడమూ సులభమే. కాని బరువు వెనుకవైపుకు చేరితే కొక్కెం పైకి లేస్తుంది. అతిగా ముందుకు చేరితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలి, స్టీరింగు మాట వినదు. తాతలు కాడిని ఎత్తి చూచినది ఈ సంగతే.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు సెలవులకు కారు వెనుక ఇల్లులాంటి ట్రైలరు కట్టుకొని పోతారు. అక్కడ కొత్తగా కొనేవారికి చెప్పే లెక్క ఏమనగా, నిండు ట్రైలరు మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 పాళ్లు కొక్కెంమీద ఉండాలి. మన ట్రాక్టరుకు ఆ అంకె అదే కానక్కరలేదు గాని, సూత్రం మాత్రం అదే: బరువు ఇరుసుకు కాస్త ముందుకు ఉండాలి, వెనక్కు ఎన్నడూ ఉండకూడదు.

నాలుగు చక్రాల ట్రైలరు తన బరువును తానే మోస్తుంది. దూరపు మార్కెట్టుకు, మంచి రోడ్డుమీద, ఎక్కువ సరుకుకు అది మేలు. కాని వెనక్కు నడపడం కష్టం. తడి నేలలో ట్రాక్టరు టైర్లకు పట్టు చిక్కదు. దానికి పెద్ద ట్రాక్టరే తగును. కొద్ది ఎకరాల మెట్టసేద్యం, 35, 40 హెచ్.పి. ట్రాక్టరు ఉన్న ఇంటికి మొదటి ట్రైలరుగా మూడు టన్నులకు మించని రెండు చక్రాలదే చాలునని మా సలహా.

ఏదైనా సరే, కొక్కెం క్రింది భాగంలోనే తగిలించాలి. ఎత్తైన చోట కట్టి లాగితే, గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి ట్రాక్టరు నడిపేవాని మీదికే వెనక్కు తిరగబడుతుంది. పిన్నుకు కొక్కీ, దానికి తోడు గొలుసు తప్పనిసరి. ట్రైలరు విప్పేముందు చక్రాలకు రాళ్లు పెట్టండి. వెనుక బరువు ఉండగా పిన్ను లాగితే ముందుకడ్డీ ఎగిరి దవడకు తగులుతుంది. పిల్లలను ఆ దరికి రానివ్వవద్దు.

పాత ట్రైలరు కొనేవారు రంగు చూచి మోసపోకుండా, ముందుకడ్డీ అతుకులలో పగుళ్లు, కొక్కెపు రంధ్రం అరుగుదల, ఇరుసు వంపు, టైర్లు చూడాలి. వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు లేని ట్రైలరును చీకటిపడ్డాక రోడ్డెక్కించడం దోషమే. కార్లు నూరు కిలోమీటర్ల వేగంతో వచ్చే నాలుగు వరుసల రోడ్డు మన ఊరి పక్కనుంచే పోతున్నది.

కాగితాల మాట

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ట్రైలరుకు వేరే నిర్వచనం ఉన్నది; దాని రిజిస్ట్రేషను వేరు, బీమాలో దానిని చేర్పించడమూ వేరు. రిజిస్ట్రేషనుకు కావలసిన కాగితాలు ఇవ్వగలరా అని, తయారుచేసే వర్క్‌షాపువారిని అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి.

దీనికి ఒక ఉదాహరణ. 2007లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో, ఇటుకబట్టీకి మట్టి తోలే ట్రాలీమీద ఉన్న కూలివాడు పడి గాయపడ్డాడు. ట్రాక్టరుకు సేద్యపు పని నిమిత్తం బీమా ఉన్నది, ట్రాలీకి లేదు. బీమా కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. కూలివాని బీదతనం చూచి, ముందు కంపెనీ చెల్లించి తరువాత యజమాని వద్ద వసూలు చేసుకోవాలని ఉత్తరువు ఇచ్చింది. అనగా చివరికి ఆ భారం పడ్డది యజమాని ఇంటిమీదనే.

మనుషులను ఎక్కించవద్దు

ఇంతవరకు చెప్పినదంతా సరుకు గురించి. అసలు చెప్పదలచినది మనుషుల గురించి. 2018 జూన్ 24న తెలంగాణలో, యాదాద్రి జిల్లా వలిగొండ మండలంలో కూలిపనికి పోతున్నవారి ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది చనిపోయారు. వారిలో చాలామంది స్త్రీలు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లో, కాన్పూరు జిల్లా ఘాటంపూర్ వద్ద గుడికి పోయి తిరిగివస్తున్నవారి ట్రాక్టరు ట్రాలీ నీటిగుంటలో పడి 26 మంది పోయారు. వారిలో స్త్రీలూ పిల్లలే ఎక్కువ.

ఒకటి కూలికి పోయే ప్రయాణం, మరొకటి గుడికి పోయి వచ్చే ప్రయాణం. మనమూ ట్రైలరులో మనుషులను ఎక్కించేది ఈ రెండింటికే. బస్తా ఉన్నచోటనే ఉంటుంది. మనుషులు కదులుతారు, నిలబడతారు, అందరూ ఒకవైపుకు చేరతారు. పట్టుకోవడానికి కమ్మీ లేదు, ట్రైలరు తిరగబడితే తప్పించుకోవడానికి దారి లేదు.

ఆడి నెల చివరి శుక్రవారం, అర్జునానది వైప్పారులో కలిసేచోట ఇరుక్కన్‌గుడి మారియమ్మ దర్శనానికి సాత్తూరు దారులన్నీ జనంతో నిండుతవి. ఒకప్పుడు గూడుబండ్లు కట్టుకొని పోయేవారు. ఎద్దుల నడకలో బండి తిరగబడినా ప్రాణం మీదికి రావడం అరుదు. ఆ అలవాటు కొద్దీ ఇప్పుడు అత్తలను, పిన్నులను, పిల్లలను ట్రైలరులో జంపకానా పరచి కూర్చోబెడితే, పేరు బండే గాని వేగం బండిది కాదు, బరువూ బండిది కాదు. ఆ రోజు బస్సులో పోదాము. ట్రైలరు ఇంట ఉండనిద్దాము.

పత్తి తీసే, మిరప కోసే ఆడకూలీల మాట ఇంకొంచెం కష్టమైనది. ట్రైలరు ఉచితం, వ్యానుకు బాడుగ ఇవ్వాలి. కోత రోజులలో ఆ బాడుగ మనకు బరువే, కాదనము. అయితే ఒకే దారిలో ఉన్న రెండు మూడు పొలాలవారు కలిసి, కోత రోజులు ముందుగా మాట్లాడుకొని, ఒక వ్యానును పంచుకోవచ్చును. మన పొలానికి వచ్చే మనిషి సాయంత్రం తన ఇంటికి క్షేమంగా చేరడం కూడా కూలిలో భాగమేనని మేము నమ్ముతాము.

అడ్వాన్సు ఇచ్చేముందు ఇంటిల్లిపాదీ కూర్చొని ఈ ఆరు ప్రశ్నలకు జవాబు వ్రాసుకోండి:

1. మన ట్రాక్టరు ఎంత మొత్తం బరువును ఆపగలదని కాగితంమీద ఉన్నది?
2. ట్రైలరు ఖాళీ బరువు ఎంత? అది పోగా సరుకుకు మిగిలేది ఎంత?
3. ఏడాదిలో ఎక్కువ రోజులు తోలేది ఏ సరుకు? తొట్టి నిండితే దాని బరువెంత?
4. ట్రైలరుకు బ్రేకు, గొలుసు, ఎర్ర రిఫ్లెక్టర్లు ఉన్నవా?
5. రిజిస్ట్రేషను, బీమా ట్రైలరు పేరునే ఉంటవా? బాడుగకు తోలితే ఆ బీమా చెల్లుతుందా?
6. కూలివారినీ ఇంటివారినీ దేనిలో తీసుకుపోతాము?

ఆరవ ప్రశ్నకు జవాబు “ట్రైలరులో” అని వచ్చినట్లయితే, బేరం అక్కడ ఆపి, ముందు వ్యాను సంగతి మాట్లాడుకోండి.