పాల మీది మీగడ ఎవరికి?

చేవెళ్ళ దగ్గర ముడిమ్యాలలో మా మేనత్త ఉంటుంది. ఇంట్లో రెండు బర్రెలు. గుమ్మంలో అడుగుపెడితే చాలు, చెంబుతో నీళ్ళు, ఆ వెనకే చాయ్. తాగి కింద పెట్టిన గ్లాసు అంచుకి మీగడ అంటుకుని ఉండేది. పాలు చిక్కగా ఉండటమంటే ఆవిడకి ఇంటి పరువు!

మొన్న వెళితే నల్లటి డికాక్షన్ తెచ్చి పెట్టింది.

"ఏందత్తమ్మా, బర్రెలు వట్టిపోయినయా?" అన్నాను.

"బర్రెలకేమాయె బిడ్డా! మీ మామకు స్టెంటేసిన్రు గద. కొవ్వు తగ్గియ్యమన్నరు. ఇంట్ల పాలే బందు వెట్టిన."

పాలు లేవు, పెరుగు లేదు, ఆఖరికి సల్ల కూడా లేదు. సరే, మరి మామ ఏం తింటున్నాడని చూద్దును కదా, పళ్ళెం నిండా తెల్లన్నం, తొక్కు, రెండు అప్పడాలు. మూడుపూటలా డికాక్షన్, ఒక్కో గ్లాసులో మూడు చెంచాల చక్కెర, పక్కన బిస్కెట్లు. ఆయనకి షుగర్ వ్యాధి కూడా ఉంది! నా గుండె గుభేలుమంది. మనలో చాలామంది ఇళ్ళల్లో జరుగుతున్నది ఇదే కదూ?

అత్తమ్మ భయంలో అబద్ధమేమీ లేదు. లెక్క వేసి చూడండి. బర్రెపాలలో కొవ్వు ఆరు నుంచి ఎనిమిది శాతం దాకా ఉంటుంది, ఆవుపాలలో మూడున్నర నుంచి నాలుగున్నర. ఏడు శాతం పాలు అరలీటరు తాగితే 35 గ్రాముల కొవ్వు లోపలికి పోతుంది. అందులో దాదాపు మూడింట రెండొంతులు సంతృప్త కొవ్వు, అంటే గడ్డకట్టే రకం. రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ని పెంచేది ఇదే. రోజుకి 2,000 కేలరీల తిండి తినే మనిషికి ఈ రకం కొవ్వు 22 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అరలీటరు బర్రెపాలతోనే ఆ కోటా అయిపోయింది. ఇక నెయ్యి, కూరలో నూనె, మిర్చిబజ్జీ... వాటి సంగతి చెప్పక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, పాలకేంద్రంలో ఇదే కొవ్వుకి డబ్బులిస్తారు. శాంపిల్ తీసి వెన్న శాతం చూసి రేటు కడతారు. పొద్దున లేచి పత్తిగింజల చెక్క, తవుడు పెట్టి బర్రెను మేపేది ఆ శాతం కోసమే. అమ్మినప్పుడు లక్ష్మి, తాగినప్పుడు శత్రువు అంటే అత్తమ్మకి మింగుడుపడుతుందా?

అయితే పాలు పూర్తిగా మానెయ్యడం మందు కాదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా పెద్దవాళ్ళ రోజు భోజనంలో 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో ఉంది. 2018లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 21 దేశాల్లో లక్షా ముప్పై ఆరు వేల పైచిలుకు మందిని ఏళ్ళ తరబడి గమనించారు. మన దేశం వాళ్ళూ అందులో ఉన్నారు. పాలు, పెరుగు రోజుకి రెండుసార్లకి పైగా తీసుకునేవాళ్ళలో గుండెజబ్బులు, పక్షవాతం తక్కువగానే కనిపించాయి. అలాగని మీగడ గిన్నె ముందేసుకోకండి! అది చూసి చెప్పిన మాటే గానీ, పాలు తాగించి పరీక్షించినది కాదు. స్టెంటు పడ్డ మనిషికి అదే అభయం అనుకోకూడదు.

కొవ్వు పాలలో ఉన్నప్పుడు ఒక తీరు, నెయ్యి అయ్యాక ఒక తీరు. పాలలోని కొవ్వు బొట్లకి సన్నటి పొర ఉంటుంది. వెన్న చిలికేటప్పుడు ఆ పొర చిరిగి చాలావరకు సల్లలోకి పోతుంది. 2015లో స్వీడన్‌లో బరువెక్కువున్నవాళ్ళకి రోజుకి 40 గ్రాముల చొప్పున ఎనిమిది వారాలు పాలకొవ్వు పెట్టారు. కొందరికి మీగడగా, కొందరికి కరిగించిన వెన్ననూనెగా. మీగడ తిన్నవాళ్ళకి చెడ్డ కొలెస్టరాల్ పెరగలేదు, రెండో వాళ్ళకి పెరిగింది. చిన్న పరిశోధనే అనుకోండి. అయినా తగ్గించాలంటే మొదట తగ్గించాల్సింది నెయ్యి. పెరుగుని, మజ్జిగని వెళ్ళగొట్టక్కర్లేదు.

ఇంకో సంగతి, తగ్గించిన కొవ్వు జాగాలో ఏం వచ్చి కూచుందన్నది. తెల్లన్నం, చక్కెర వస్తే గుండెకి లాభం లేదు, షుగరుకి నష్టం. మామ చాయ్‌లో తొమ్మిది చెంచాలంటే సుమారు 45 గ్రాముల చక్కెర! 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటారు. కాస్త పప్పు, గుప్పెడు పల్లీలు వచ్చి కూచుంటే అప్పుడు లాభం.

"గట్లయితే పాలల్ల నీళ్ళు వోస్త" అంది అత్తమ్మ. వద్దన్నాను. నీళ్ళు పోస్తే కొవ్వుతోపాటు మాంసకృత్తులూ, కాల్షియమూ పలచబడతాయి. మీగడ తీస్తే పోయేది కొవ్వు, దానితో కొంత విటమిన్ ఎ. మిగతావి పాలలోనే ఉంటాయి. పట్నంలో టోన్డ్ పాలంటే నీళ్ళపాలని చులకన. అది 1946లో బొంబాయిలో దారా ఖురోడీ కనిపెట్టిన ఉపాయం. చిక్కటి బర్రెపాలలో నీళ్ళతోపాటు వెన్నతీసిన పాలపొడి కూడా కలుపుతారు, కొవ్వు మాత్రమే తగ్గేలా. ప్యాకెట్ కొనేవాళ్ళు పేరు కాదు, దాని మీది అంకె చూడండి. ఫుల్‌క్రీమ్ 6 శాతం, స్టాండర్డైజ్డ్ 4.5, టోన్డ్ 3, డబుల్ టోన్డ్ 1.5.

చివరికి ఇద్దరం కూచుని ఒక ఏర్పాటు చేశాం. పొద్దుటి పాలు ఎప్పటిలాగే కేంద్రానికి. వాటి మీద మీగడ తీయకూడదు, శాతం పడిపోతుంది. సాయంత్రం పాలు ఇంటికి. బాగా కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే పొద్దున అట్టులాంటి మీగడ తేలుతుంది. బర్రెపాలలో కొవ్వుబొట్లు పెద్దవి గనుక త్వరగా పైకొస్తాయి. తీసేసి మళ్ళీ కాచి, మళ్ళీ తీయాలి. కొవ్వంతా పోదు గానీ చాలానే తగ్గుతుంది. ఆ పాలనే గోరువెచ్చగా తోడుపెడితే మామకి పెరుగు. మీగడ నెయ్యి పిల్లలకి, మిగిలితే అమ్మకానికి. రెండేళ్ళలోపు మనవడికి మాత్రం మీగడ తీయని పాలే. మామ మందులు డాక్టరు చెప్పినట్టే, వాటి జోలికి పోలేదు.

మర్నాడు ఆ పాలతో, ఒక్క చెంచా చక్కెరతో చాయ్ పెట్టాం. మామ ఒక గుక్క తాగి గ్లాసు వంక చూశాడు.

"ఇది చాయా, గిన్నె కడిగిన నీళ్ళా?"

"తాగుతె తాగు, లేకుంటె మల్ల డికాక్షనే" అంది అత్తమ్మ. మామ గ్లాసు ఖాళీ చేశాడు.