ఆ నొప్పి సాకు కాదు! కాసిపేట మండలంలో ఇంటింటా సికిల్‌సెల్ పరీక్ష జరగాలి!

అన్నలారా, అక్కలారా, సింగరేణి కార్మికులారా!

నిన్న చేనులో కలుపు తీసినామె ఇవాళ మంచం దిగలేదు. పొద్దున బడికి పోయిన పిల్లగాడు మధ్యాహ్నానికి కాళ్లు పట్టుకొని ఏడుస్తున్నాడు. కొన్ని రోజులకు ఇద్దరూ లేచి తిరుగుతారు. అందుకే ఊరు వాళ్లను పనిదొంగలంది, గాలి సోకిందని మంత్రం వేయించింది. చాలా ఇళ్లలో ఆ బాధ పేరు సికిల్‌సెల్. గోండు, కొలాం గూడేల్లో తరాలుగా ఉన్న రక్తజబ్బు ఇది. మిగతా కులాల్లోనూ ఉంది. నీలగిరుల ఆదివాసుల్లో దీన్ని 1952లోనే గుర్తించారు. ఇన్నేళ్ల తర్వాతా మన పిల్లలు జబ్బు పేరు తెలియకుండా నొప్పి పడుతున్నారు.

ఇది అంటువ్యాధి కాదు, శాపం కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి వస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందని చోట భరించలేని నొప్పి. మన ఎండలు, నీళ్లు తాగకపోవడం, చలి, జ్వరం, ఒళ్లు విరిగే చాకిరీ ఏదైనా దాన్ని లేపుతుంది. ఏ కారణం లేకుండానూ లేస్తుంది. ఎప్పుడు లేస్తుందో రోగికే తెలియదు. కాబట్టి చుట్టూ ఉన్న మనమే సిద్ధంగా ఉండాలి.

మందు ఉంది. డాక్టర్ పర్యవేక్షణలో హైడ్రాక్సీయూరియా రోజూ వాడితే చాలామందికి నొప్పులు తగ్గుతాయి. బాగున్న రోజుల్లోనూ ఆపొద్దు. గర్భం అనుకుంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి. జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం, ఒకపక్క కాలూ చెయ్యీ పడిపోవడం, పసిపిల్ల ఉన్నట్టుండి పాలిపోయి కడుపు ఉబ్బడం కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు, 108కు ఫోన్ చేయండి.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్‌లో తెలంగాణ కూడా ఉంది. 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్ష చేయాలన్నది దాని లక్ష్యం. మీ గూడేనికి బృందం రాకుంటే ఆశా అక్కను అడగండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గుంపుగా పోయి అడగండి. హైడ్రాక్సీయూరియా మాత్రలు కాసిపేటలోనే దొరకాలి. వాటికోసం మంచిర్యాలకు బస్సెక్కే గతి ఎవరికీ రాకూడదు.

పెళ్లికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. ఇద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకున్నా దాన్ని పిల్లలకు అందించగలవాళ్లైతే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం నాలుగో వంతు. వాహకురాలని తేలిన పిల్లకు సంబంధాలు చెడగొట్టేవాళ్లను మాత్రం నలుగురిలో నిలదీయండి. ఆమె రోగి కాదు.

సార్లూ, టీచరమ్మలూ! సికిల్‌సెల్ ఉన్న పిల్లలను ఎండలో నిలబెట్టకండి, నీళ్లకూ మూత్రానికీ అడ్డు చెప్పకండి. మేస్త్రీలూ, కాంట్రాక్టర్లూ! నొప్పి లేచి నాగా పడితే పనిలోంచి తీయకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల జాబితాలో సికిల్‌సెల్ ఉంది.

చదువు రానివాళ్లకు ఈ కాగితం చదివి వినిపించండి. గోండిలో, కొలామీలో చెప్పండి.

– కాసిపేట మండలంలోని సికిల్‌సెల్ బాధిత కుటుంబాలు