బట్టీకి వచ్చిన బిడ్డకూ రోటా చుక్కలు వేయాలి

సర్పంచులకు, ఆరోగ్య సిబ్బందికి, ఇటుక బట్టీల యజమానులకు విన్నపం

పసిబిడ్డకు వాంతులు, జ్వరం, వెంటనే నీళ్ల విరేచనాలు పట్టుకుంటే పళ్లొస్తున్నాయంటాం, దిష్టి తగిలిందంటాం. కానీ రెండేళ్ల లోపు పిల్లల ప్రాణం మీదికి తెచ్చే విరేచనాలకు ముఖ్య కారణం రోటావైరస్. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం దీన్ని గుర్తించింది. పేగు లోపలి పొరను ఇది దెబ్బతీస్తుంది. ఒంట్లో నీరంతా పోయి కళ్లు లోతుకు పోతాయి, బిడ్డ ఉచ్చ పోయడం తగ్గిపోతుంది. మంచినీళ్లు, మరుగుదొడ్లు ఉన్న దేశాల్లోనూ ఇది పిల్లలకు సోకుతుంది. చావులు మాత్రం ఎక్కువగా పేద దేశాల్లోనే.

యాంటీబయాటిక్ సూది వేయించినా ఈ వైరస్ చావదు. ముందే టీకా వేయించాలి.

అలాంటి టీకా ఒకటి మన హైదరాబాద్‌లోనే తయారవుతుంది. భారత్ బయోటెక్ వారి రోటావాక్‌కు 2014లో అనుమతి వచ్చింది. 2016లో ప్రభుత్వం రోటా టీకాను ఉచితంగా వేయడం మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు నోట్లో చుక్కలు వేస్తారు. ప్రయోగ పరీక్షల్లో రోటావాక్ మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను సగానికి పైగా తగ్గించింది. సగమేనా అనకండి, ఆ సగంలో ఉన్నది పసిప్రాణాలు.

మరి ఒడిశా నుంచి తెలంగాణ బట్టీలకు వచ్చే తల్లుల ఒళ్లో ఉన్న బిడ్డల సంగతేమిటి? మొదటి చుక్కలు సొంతూళ్లో పడితే, తర్వాతివి వేయాల్సిన నాటికి బిడ్డ ఇక్కడుంటుంది. మన దేశంలో రోటా ఎక్కువగా కనిపించేదీ, బట్టీల పని ఊపందుకునేదీ చలికాలంలోనే. ఏడాది నిండిన బిడ్డకు ఇక మొదటి చుక్కలు వేయరు. అందుకే జాప్యం పనికిరాదు.

బట్టీ మొదలైన వారంలోనే ఏఎన్ఎం అక్కడికి వెళ్లాలి. టీకా కార్డు లేదని, మన ఊరివాళ్లు కారని ఏ తల్లినీ తిప్పి పంపకూడదు. మధ్యలో ఆగిన టీకాను మళ్లీ మొదటినుంచి వేయనక్కర్లేదు, ఆగినచోటి నుంచి వేస్తే చాలు. ఆ పూట తల్లి కూలి కోయకుండా చూడటం యజమాని బాధ్యత.

విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటి ఇతర వైరస్‌లకు ఇంకా టీకా లేదు. కాబట్టి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, 14 రోజులు వాడాల్సిన జింకు మాత్రలు బట్టీ దగ్గరే ఉండాలి. తల్లిపాలు ఆపకూడదని తల్లులకు వాళ్ల భాషలో చెప్పాలి.

మీ ఊరి పొలిమేరలో బట్టీ ఉంటే, అక్కడ ఏడాదిలోపు పిల్లలెందరున్నారో కనుక్కుని ఈరోజే ఆశా కార్యకర్తకు చెప్పండి.