చాక్లెట్ వ్యాక్స్ సరే, చెయ్యి కాలితే?

మా ఆడపడుచు కూతురు మూడు నెలల బ్యూటీషియన్ కోర్సు పూర్తి చేసింది. ఆఖరి రోజు సర్టిఫికెట్‌తో పాటు ఒక గులాబీరంగు పెట్టె కూడా చేతిలో పెట్టారు. ఊరికే కాదు, 18,000 రూపాయలకి. "ఈ కిట్ లేకుండా పార్లర్ ఎలా పెడతావమ్మా?" అన్నారట. పిల్ల నమ్మింది. వాళ్ళమ్మ చీటీ పాడుకుని మరీ కట్టింది. ఆదివారం ఆ పెట్టె మా ఇంటికి తెచ్చి, బొమ్మలకొలువు పేర్చినట్టు డబ్బాలన్నీ టీపాయ్ మీద పేర్చింది. చాక్లెట్ వ్యాక్స్, స్ట్రాబెర్రీ వ్యాక్స్, అలోవెరా వ్యాక్స్, గ్రీన్ యాపిల్ వ్యాక్స్. పార్లరా, ఐస్‌క్రీమ్ బండా అనిపించింది నాకు.

డబ్బాలు తిప్పి వెనకున్న చిన్న అక్షరాలు చదివాను. (తెలుగు బి.ఏ. నాకు ఉద్యోగం ఇవ్వలేదు గానీ, కనపడ్డ అక్షరమల్లా చదివే రోగం ఇచ్చింది.) నాలుగింటిలోనూ మొదటి దినుసు ఒకటే, రోజిన్. అంటే పైన్ చెట్టు బంక నుంచి తీసేది. వెంట్రుకని పట్టుకుని లాగేది ఆ బంకే తప్ప చాక్లెట్టూ కాదు, స్ట్రాబెర్రీ కాదు. పైగా ఆ రోజిన్ కొందరి ఒంటికి పడదు, దద్దుర్లు లేస్తాయి. పడనివాళ్ళకి నాలుగు డబ్బాలూ పడవు! నాలుగు వేరువేరు వస్తువులని చెప్పి ఒకే వస్తువుని నాలుగుసార్లు అమ్మారు. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి.

సరే, డబ్బు సంగతి పోనీ. అసలు కోపం హీటర్ మీద. దానికి ఒకటే స్విచ్. వేస్తే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. వేడి తగ్గించడానికి, పెంచడానికి డయల్ లేదు. "బోణీ నీతోనే అత్తా" అంటే సంతోషంగా చెయ్యి చాపాను. పిల్ల పౌడరు రాసింది, పుల్లతో పూసింది, నేను కెవ్వుమన్నాను. ముంజేతి మీద రూపాయి కాసంత మచ్చ ఇంకా ఉంది. మచ్చదేముంది, పోతుంది. ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళి ఏడుస్తూ "నాకు చేతకాదేమో అత్తా" అంది చూడండి, అది నాకు మంట పుట్టించింది. తప్పు పిల్లది కాదు. వేడి అదుపు లేని పొయ్యి ఇచ్చి అరిసెల పాకం పట్టమంటే ఎవరికి కుదురుతుంది?

కొత్తగా ఈ పనిలోకి దిగే పిల్ల దగ్గర ఉన్న నాలుగు డబ్బులూ ముందు వేడి తగ్గించుకోగల హీటర్‌కి పోవాలి. తర్వాత చేతులకీ కాళ్ళకీ ఒక మంచి మామూలు వ్యాక్స్, పైపెదవికీ చంకలకీ కొంచెం హార్డ్ వ్యాక్స్. రెండోదానికి స్ట్రిప్ అక్కర్లేదు, గట్టిపడ్డాక దాన్నే పట్టి లాగుతారు, చర్మానికి తక్కువ అంటుకుంటుంది. మిగిలిన డబ్బు పారేసే పుల్లలకీ, స్ట్రిప్పులకీ, గ్లవ్స్‌కీ. ఇంట్లో పంచదార, నిమ్మరసంతో కాచుకునేది కూడా మంచిదే, నీళ్ళతో కడిగితే పోతుంది. కాకపోతే మన ఎండకీ ఉక్కకీ జారిపోతూ విసిగిస్తుంది.

పుల్లల మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఆ కోర్సులో ఒకే పుల్లని ఒంటి మీద పూసి మళ్ళీ డబ్బాలో ముంచడం నేర్పారు. ఒకరి చర్మం మీద తిరిగింది అందరి డబ్బాలోకీ! ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే కోడలి మీద విరుచుకుపడే మనం, పార్లర్‌లో మాత్రం కళ్ళు మూసుకుని చెయ్యి చాపుతాం. పాత జీన్స్ ముక్కలు ఉతికి వాడేచోట్లు కూడా చూశాను. అలాగని అంతా పార్లర్ వాళ్ళ తప్పనను. యాభై రూపాయలు తగ్గించమని గీచిగీచి బేరమాడేది మనమే కదా, ఆ యాభై ఎక్కడ మిగల్చాలి వాళ్ళు?

"కానీ అత్తా, వచ్చేవాళ్ళు చాక్లెట్ వ్యాక్సే కావాలంటారు" అంది. నిజమే, అంటారు. సంపాదించాక ఒక డబ్బా కొనుక్కో, కాదనను. అంతకంటే ముందు వచ్చినవాళ్ళని అడగాల్సినవి నేర్చుకో అన్నాను. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నారా? వాడితే చర్మం పలచబడి వ్యాక్స్‌తో పాటు ఊడొస్తుంది. ఆపాక కూడా ఆరు నెలలు వ్యాక్సింగ్ వద్దని ఆ మందుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. ముఖానికి రెటినాల్ రాస్తున్నారా? షుగర్ ఉందా? కొత్తవాళ్ళయితే ముందురోజు మోచేతి మడతలో చిన్న చుక్క పెట్టి చూశావా? ఇవేవీ కోర్సులో చెప్పలేదట. మూడు నెలలు ఏం చేశారే అంటే, ఫొటోలకి మేకప్ వేశారట.

సోమవారం నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. పెట్టె విప్పేశారు, వెనక్కి తీసుకోం అన్నారు. చెయ్యి చూపించాను. "మొదట్లో అందరికీ కాలుతుందండీ" అంది అక్కడి మేడమ్ నవ్వుతూ. వచ్చేదారిలో డయల్ ఉన్న హీటర్ కొన్నాం. సగం డబ్బు నాది, అప్పుగానే. మర్నాడు నా రెండో చేతికి వ్యాక్స్ చేసింది. ముందు తన మణికట్టు మీద కొంచెం వేసి చూసుకుంది, ఎవరూ చెప్పకుండానే. స్ట్రాబెర్రీ డబ్బా ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. మావాడు రెండుసార్లు మూత తీసి చూశాడు.