తిరిగివచ్చిన విద్యుత్ పనివారు

కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములనుండి ఉపాధికై గల్ఫు దేశములకు వెడలినవారిలో ఇండ్లకు వైరింగు చేయుట నేర్చినవారును గలరు. అచ్చట కొందరు డ్రైవర్లయిరి. కొందరు కట్టడముల కూలీలైరి. తమ పనియే దొరకినవారిలోను పలువురు ఏండ్లతరబడి గొట్టములు బిగించుటయో, కేబుళ్లు లాగుటయో యను నొక్క పనికే పరిమితులైరి. 2020లో కరోనా విపత్తువలన వేలకొలది జనులు ఒక్కుమ్మడిగా మరలివచ్చిరి. ఆ పిదపను ఈ రాకలు ఆగలేదు. వచ్చినవాడు బ్రదుకుదెరువునకై యౌవనమున నేర్చిన పనినే మరల పట్టుట సహజము; స్వాగతింపదగినదియు. కాని అతడు విడిచి వెళ్లిన యిల్లు వేరు, నేడతనిని పిలుచుచున్న యిల్లు వేరు. ఈ భేదమును గుర్తింపకున్నచో ప్రాణములకే ముప్పు గలదు.

ఇరువదియేండ్ల క్రిందటి సామాన్యగృహమున నాలుగు దీపములు, రెండు పంకాలు, ఒక టెలివిజను నుండెడివి. సన్నని తీగలు, పింగాణీ ఫ్యూజులు వానికి చాలెడివి. నేడు రెండువేల వాట్ల గీజరు, ఇండక్షను పొయ్యి, ఏసీ యంత్రము పల్లెటిండ్లలోనికిని వచ్చినవి. 230 వోల్టుల సరఫరాలో అట్టి గీజరొక్కటియే సుమారు 9 ఆంపియర్లు లాగును. తీగలో ప్రవాహము రెట్టింపైనచో పుట్టు వేడి నాలుగురెట్లగును. పాత తీగకే క్రొత్త సాకెట్టు తగిలించి, పనిచేయుచున్నది గదా యని వెడలిపోవువాడు గోడలో నిప్పు దాచి పోవుచున్నాడు.

ఇంతకన్న సూక్ష్మమైన చిక్కు మరియొకటి గలదు. వెనుకటి ఫ్యూజుగాని, నేటి ఎంసీబీగాని కాపాడునది ముఖ్యముగా తీగను, మనుష్యుని గాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ మేరకు మించిన ప్రవాహమునకే కదలును. ప్రాణము తీయుటకు ఆంపియరులో పదవవంతే చాలును. ఈ కొరతను తీర్చునది ఆర్‌సీసీబీ. ఫేజు తీగవెంట పోయిన విద్యుత్తును, న్యూట్రలువెంట మరలివచ్చిన విద్యుత్తును ఇది సరిపోల్చుచుండును. గృహములలో వాడునది 30 మిల్లీ ఆంపియర్ల భేదము కలిగినంతనే తృటిలో సరఫరాను త్రెంచివేయును.

వెనుకటి పనివారు కొందరు సౌకర్యముకొరకు ఒక గది దీపమునకు వేరొక గది న్యూట్రలును కలిపెడివారు. దీపము వెలిగెడిది, తప్పు కనబడెడిది కాదు. నేడు ఒక ఆర్‌సీసీబీ క్రింది ఫేజునకు దాని వెలుపలి న్యూట్రలును కలిపినచో లెక్క తప్పి ఆ పరికరము మాటిమాటికి పడిపోవును. కారణ మెరుగనివాడు పరికరమే చెడినదని తలచి, దానిని తొలగించి తీగలను నేరుగా కలుపును. దీపములు వెలుగును, గృహస్థు సంతసించును, కూలి ముట్టును. తడిచేతితో గీజరును తాకు పసివానికి మాత్రము రక్షణ తొలగిపోవును. ఈ కీడు నేర్పు లేమివలన వచ్చినది కాదు; నాటి నేర్పును నేటి యింటిలో నట్లే వాడుటవలన వచ్చినది.

మెయిను స్విచ్చి ఆపితిమి గనుక భయము లేదను పాత ధైర్యమును నేడు చెల్లదు. ఇన్వర్టరు గల యింటిలో మెయిను ఆపినను కొన్ని తీగలలో విద్యుత్తు నిలిచియుండును. కోటి యిండ్లపై సౌరఫలకములు నెలకొల్పు లక్ష్యముతో 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము పథకమును ప్రారంభించినది. ఎండ తగులుచున్నంతసేపు ఆ ఫలకములనుండి వచ్చు తీగలు ప్రమాదకరములే.

క్రొత్త వైరింగు, మార్పులు, చేర్పులు లైసెన్సుగల కాంట్రాక్టరుచేత, అర్హతాపత్రము గలవారి పర్యవేక్షణమున జరుగవలెనని 1956 నాటి నియమములును, పిదప వచ్చిన 2010, 2023 నిబంధనలును విధించినవి. బల్బు, పంకా, ఫ్యూజు, స్విచ్చి మార్చుటవంటి స్వల్పకార్యములకే మినహాయింపు. శాసనమిట్లుండ, మన వీధులలో జరుగుచున్న దేమో పాఠకు లెరుగుదురు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ననుసరించి విద్యుదాఘాతమువలన దేశమున ఏటేట పదివేలకు మించి జనులు మరణించుచున్నారు. అందు పనివారును గలరు, పసివారును గలరు.

2020లో తిరిగివచ్చినవారి నైపుణ్యములను కేంద్ర ప్రభుత్వము స్వదేశ్ పేర నమోదు చేయించినది. మంచిదే. కాని నమోదు శిక్షణము కానేరదు. మన రెండు రాష్ట్రముల ప్రభుత్వములును జిల్లాకొక ఐటీఐలోనైన సాయంకాలపు తరగతులు నడపవలెను. ఉపన్యాసములు కాదు, పనియే నేర్పవలెను: ఇన్సులేషను పరీక్ష, ఎర్తు పరీక్ష, ఆర్‌సీసీబీ పడిపోవుటకు కారణము కనుగొనుట, ఇన్వర్టరు, సౌరఫలకముల తీగలను వేరుచేయుట. రుసుము వలదు. తరగతుల పిమ్మట పరీక్షయు, నెగ్గినవానికి పర్మిటును అచ్చటనే లభింపవలెను.

ఏండ్ల అనుభవము గలవానిని మరల బడికి పంపుట అవమానము గాదా యని కొందరందురు. పరదేశమున ఎండలో చెమటోడ్చినవానికి స్వదేశమున గౌరవముతో పనిచేయు హక్కు గలదని మేమును ఒప్పుకొందుము. నేర్వవలసినది నేర్పకుండ అతనిని నిచ్చెన యెక్కించుటయే నిజమైన అవమానము. ఆకలి తరగతులు ముగియువరకు ఆగదనుటయు నిజమే. అంతవరకు మినహాయింపుగల చిన్నపనులు చేసికొనుచు, లైసెన్సుదారునియొద్ద జతగా పనిచేయవచ్చును.

గృహస్థులకును బాధ్యత గలదు. పరీక్షించుటకు కూలి యడిగినవానిని గొణగుచు సాగనంపి, పరీక్షింపనివానిని చౌక యని పిలుచుట తగదు. స్విచ్చి వేయగానే దీపము వెలుగుటతో పని ముగియలేదు. తీగ తెగినను, తడిచేయి తగిలినను ప్రాణము నిలిచినప్పుడే అది పూర్తియైన పని.